ఒడ్డున ఎదురుచూసేవాళ్ళే వెతకబోతే

(కోస్తా జిల్లాల మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదివాసుల ఉద్యోగ హక్కుల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. మన ఏజెన్సీ ప్రాంతాల గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. అక్కడికీ వస్తాను. కాని పొద్దున జరిగిన చర్చలో మత్స్యకార గ్రామం నుంచి వచ్చిన ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. "అక్కా, వేటకెళ్ళిన పడవ తిరిగి రాకపోతే ఒడ్డున రాత్రంతా కూచునేది మేమే. ఎవరెవరు రాలేదో లెక్క చెప్పేది మేమే. వెతకడానికి బయల్దేరే బోటులో మాత్రం మాలో ఒక్కరుండరు. ఎందుకని?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు మనలో ఎవరమూ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఈ పూట మిమ్మల్ని చాలా దూరం, కెనడా ఉత్తరపు కొసన ఉన్న ఒక చిన్న ఊరికి తీసుకెళ్తాను. వెతికే పడవలోకి అక్కడి ఆదివాసీ యువతీయువకులను విద్యార్థి దశలోనే జీతమిచ్చి తీసుకునే ప్రయత్నం ఒకటి 2018లో మొదలయింది. నేను ఆ ఊరు చూడలేదు. చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను. ఆ ప్రయత్నాన్ని మెచ్చుకోవలసినచోట మెచ్చుకుందాం, నిలదీయవలసినచోట నిలదీద్దాం.

ఆ నేల, ఆ నీళ్ళు

కెనడా ఉత్తరాన నునావుట్ అనే భూభాగం ఉంది. ఆ మాటకు అక్కడి భాషలో "మన నేల" అని అర్థం. మనం చిన్నప్పుడు పాఠ్యపుస్తకాల్లో "ఎస్కిమోలు" అని చదువుకున్నది వీళ్ళ గురించే. అది బయటివాళ్ళు తగిలించిన పేరు. వాళ్ళు తమను ఇన్యూట్ అని చెప్పుకుంటారు. అంటే మనుషులు అని. నునావుట్ విస్తీర్ణం 20 లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన దేశంలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్న మనుషులు 37 వేల మంది కూడా లేరు. వాళ్ళలో నూటికి 85 మంది దాకా ఇన్యూట్‌లే. మొత్తం 25 ఊళ్ళు. ఏ ఊరికీ మరో ఊరికీ మధ్య రోడ్డు లేదు. విమానమెక్కాలి, లేదా నీటి మీద పోవాలి. ఆ నీరు గడ్డకట్టిన నెలల్లో మంచు మీద బండి నడపాలి.

ఆ 25 ఊళ్ళలో ఒకటి రాంకిన్ ఇన్లెట్. హడ్సన్ బే అనే పెద్ద అఖాతానికి పడమటి ఒడ్డున ఉంది. జనాభా సుమారు 3 వేలు. 1957లో అక్కడ నికెల్ గని తెరిచారు. వేట మీద బతికే ఇన్యూట్ కుటుంబాలు కూలికోసం గని చుట్టూ చేరాయి. 1962లో గని మూసేశారు. వచ్చిన జనం మిగిలిపోయారు. గనులు తెరిచి మూసేసిన తర్వాత ఊరు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అక్కడ అంగడి సరుకంతా ఓడలోనో విమానంలోనో రావాలి. అందువల్ల ధరలు పేదవాళ్ళకు అందవు. సీలు మాంసం, చేప, తిమింగలం, కారిబూ అనే దుప్పి జాతి జంతువు మాంసం, ఇవే ఇప్పటికీ ఇంటిల్లిపాదికీ బలమిచ్చే తిండి. కనుక చిన్న పడవ వేసుకుని సముద్రం మీదికి పోవడం వాళ్ళకు షికారు కాదు. కూటి కోసం పోవడం.

ప్రమాదం జరిగితే?

ఆ నీటిలో పడితే ఎంతసేపు బతుకుతారో చెప్పడానికి శిక్షణల్లో ఒక లెక్క నేర్పుతారు. ఒకటి, పది, ఒకటి. మొదటి 1 నిమిషం చలి దెబ్బకు ఊపిరి అదుపు తప్పుతుంది. ఆ తర్వాత 10 నిమిషాలు మాత్రమే చేతులూ కాళ్ళూ మన మాట వింటాయి. 1 గంట గడిచేసరికి ఒళ్ళు చల్లబడి స్పృహ పోతుంది. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంటేనే ఈ లెక్క. అది లేనివాళ్ళు అంతకన్నా ముందే మునిగిపోతారు.

ఇప్పుడు దూరం లెక్క చూడండి. గాలింపు విమానాలు దక్షిణాదిలోని సైనిక స్థావరాల నుంచి బయల్దేరి రావాలి. ఆ స్థావరాల్లో ఒకటైన విన్నిపెగ్ నగరమే రాంకిన్ ఇన్లెట్‌కు దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలో ఉంది. విమానం రావడానికి గంటలు పడుతుంది, మనిషికి ఉన్నవి నిమిషాలు. ఈ రెండు లెక్కల మధ్య పోయిన ప్రాణాలు ఎన్నో. 1994 అక్టోబరులో ఇకాలుయిట్ దగ్గర వాల్రస్ వేటకు వెళ్ళిన పడవ మునిగి ఎనిమిది మంది చనిపోయారు. 2000 ఆగస్టులో చర్చిల్ నుంచి సరుకు వేసుకుని ఆర్వియాట్‌కు వస్తున్న పడవ మునిగి, అందులో ఉన్న నలుగురూ పోయారు. ఆర్వియాట్ కూడా రాంకిన్ ఇన్లెట్ ఉన్న తీరంలోనిదే.

అలాంటప్పుడు ముందుగా వెళ్ళేది ఎవరు? ఎక్కడైనా ఒకటే. పక్క ఇంటివాళ్ళు. ఉన్న పడవ తీసి, సొంత పనులు వదులుకుని, ఊరి స్వచ్ఛంద కార్యకర్తలే వెతకబోతారు. ఏ గాలికి మంచు ఎటు కదులుతుందో, ఏ మలుపులో నీరు ఎలా తిరుగుతుందో వాళ్ళకే తెలుసు. అయితే వాళ్ళ తెలివి సర్కారు కాగితాల్లో చాలాకాలం "స్థానిక సహకారం" అనే రెండు మాటల కింద సరిపెట్టబడింది. దానికి హోదా లేదు, జీతం లేదు.

స్త్రీల కుట్టు మీద తేలిన పడవ

ఇక్కడ మన ప్రశ్నకు వద్దాం. సముద్రం మగవాళ్ళది, ఒడ్డు ఆడవాళ్ళది అనే మాట ఇన్యూట్ చరిత్రలో నిలబడదు. వాళ్ళ సంప్రదాయ పడవ కయాక్. దాని చట్రాన్ని మగవాళ్ళు కట్టేవాళ్ళు. ఆ చట్రం మీద తొడిగే సీలు తోలును మాత్రం ఆడవాళ్ళే శుభ్రం చేసి, కోసి, కుట్టేవాళ్ళు. సూది తోలును పూర్తిగా గుచ్చి అవతలికి పోకుండా, సగం మందంలోనే నడిపే కుట్టు అది. చుక్క నీరు లోపలికి రాదు. కాలికి తొడిగే బూట్లూ అలాగే కుట్టేవాళ్ళు. ఒక కుట్టు వదులైతే ఒక ప్రాణం పోతుంది. ఉమియాక్ అని ఇంకో పెద్ద పడవ ఉంది. కుటుంబమంతా సామానుతో సహా ఎక్కేది. గ్రీన్లాండ్ వైపు దాన్ని "ఆడవాళ్ళ పడవ" అనే పిలిచేవాళ్ళు. తెడ్లు వేసింది ఆడవాళ్ళే కనుక.

మరి ఎప్పుడు ఆడవాళ్ళు ఒడ్డుకు నెట్టబడ్డారు? తోలు పడవ పోయి ఇంజను పడవ వచ్చాక. మన దగ్గరా అంతే కదా. వల అల్లిన చేతులు, నైలాను వల వచ్చాక ఖాళీ అయ్యాయి. మరబోటు వచ్చాక సరంగుగా మగవాడే ఎక్కాడు. యంత్రం ఎక్కడికి వచ్చినా దాని తాళంచెవి ముందు మగవాడి చేతికే వెళుతుంది. ఆడవాళ్ళకు మిగిలింది చేప తట్ట, ఎదురుచూపు.

సర్కారు ఓడ అంటే భయం

ఇన్యూట్ కుటుంబాల్లో ప్రభుత్వపు ఓడకు ఇంకో జ్ఞాపకం ఉంది. అది తెలియకపోతే ఈ ఉద్యోగాల విలువా తెలియదు, వాటి మీద ఉన్న అనుమానమూ అర్థం కాదు. 1950 నుంచి సి.డి. హౌ అనే ఓడ ప్రతి వేసవిలో తూర్పు ఆర్కిటిక్ ఊళ్ళకు వచ్చేది. జనాన్ని ఎక్కించి ఛాతీ ఎక్స్‌రే తీసేవాళ్ళు. క్షయ ఉందని తేలితే చాలామందిని మళ్ళీ ఒడ్డుకు దిగనివ్వలేదు. అటునుంచి అటే దక్షిణాది శానటోరియాలకు తీసుకుపోయారు. ఒడ్డున ఉన్న పిల్లలకు చెప్పి వెళ్ళే అవకాశం కూడా తల్లులకు దొరకలేదు. 1956 నాటికి ప్రతి ఏడుగురు ఇన్యూట్‌లలో ఒకరు అలా ఆస్పత్రుల్లో ఉన్నారని అంచనా. అక్కడ చనిపోయినవాళ్ళను ఎక్కడ పూడ్చారో కూడా ఎన్నో కుటుంబాలకు దశాబ్దాలపాటు తెలియలేదు. దీనికి కెనడా ప్రధాని 2019 మార్చిలో క్షమాపణ చెప్పారు. 1953లో క్యూబెక్ ఉత్తరాన ఉన్న ఇన్యూట్ కుటుంబాలను వందలాది మైళ్ళు పైకి, తెలియని మంచు నేలకు తరలించినప్పుడు ఎక్కించిందీ ఆ ఓడలోనే.

తీసుకుపోవడానికి వచ్చిన ఓడను చూసినవాళ్ళ మనవలూ మనవరాళ్ళూ ఇవాళ రక్షించడానికి వెళ్ళే పడవలో కూచుంటున్నారు. అందుకే దీన్ని ఒక వేసవి ఉపాధి పథకమని తీసిపారేయలేం.

ఉద్యోగం ఎలాంటిది?

కెనడా తీర రక్షక దళానికి దక్షిణాదిలో ఎన్నో ఏళ్ళుగా ఒక పద్ధతి ఉంది. వేసవిలో చిన్న పడవల రద్దీ పెరుగుతుంది కనుక, పైచదువులు చదివే విద్యార్థులను జీతానికి తీసుకుని, శిక్షణ ఇచ్చి, ఒడ్డు దగ్గరి రక్షణ పడవల్లో పెడతారు. ఆర్కిటిక్‌లో మాత్రం 2018 దాకా అలాంటి కేంద్రం ఒక్కటీ లేదు. 2016లో ప్రకటించిన సముద్ర పరిరక్షణ ప్రణాళిక కింద 2018 వేసవిలో రాంకిన్ ఇన్లెట్‌లో మొదటిది పెట్టారు. ఉత్తరాది ఆదివాసీ విద్యార్థులను అందులోకి తీసుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఆర్కిటిక్‌ను తీర రక్షక దళంలో విడి ప్రాంతంగా ప్రకటించారు.

అడుగు గట్టిగా, చుట్టూ గాలి నింపిన గొట్టంతో ఉండే వేగపు పడవ. అనుభవం ఉన్న సరంగు ఒకరు, కింద విద్యార్థుల చిన్న జట్టు. పని ప్రారంభించే ముందు ప్రథమ చికిత్స, రేడియోలో మాట్లాడే పద్ధతి, మ్యాపు చదవడం, చీకట్లో పడవ నడపడం, నీళ్ళలో పడ్డవాళ్ళను పైకి లాగడం నేర్చుకోవాలి. వెతకడానికీ ఒక శాస్త్రం ఉంది. మనిషిని చివరగా చూసిన చోట మొదలుపెట్టి, చతురస్రాకారంలో తిరుగుతూ, ప్రతి చుట్టుకూ వెడల్పు పెంచుకుంటూ పోతారు. గాలినీ ప్రవాహాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. మంచు కరిగి నీళ్ళు తెరుచుకున్న నెలల్లో ఈ జట్టు కేంద్రంలోనే ఉంటుంది. పిలుపు వస్తే వెంటనే బయల్దేరాలి. పిలుపు లేని రోజుల్లో అభ్యాసం చేయడం, పడవను బాగుచేసుకోవడం, ఊళ్ళోవాళ్ళకు లైఫ్ జాకెట్ల గురించీ జాగ్రత్తల గురించీ చెప్పడం ఉంటాయి.

ఇందులో నాకు నచ్చినవి రెండు. మొదటిది, జీతం. ఇది స్వచ్ఛంద సేవ కాదు. మన సంస్థలు గౌరవ వేతనం పేరుతో ఆడపిల్లలచేత చేయించే పనిని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రెండోది, ఊరి మాట తెలిసిన మనిషి పడవలో ఉండటం. భయంతో వణికే ముసలాయనతో అతని భాషలో రెండు మాటలు మాట్లాడగలిగిన పిల్ల, రేడియోలో ఎవరో చెప్పిన స్థానిక పేరు విని అది ఏ మలుపో పోల్చగలిగిన పిల్ల, ఎంత సమయం మిగులుస్తుంది! అది చలి నీళ్ళలో ఉన్నవాళ్ళకు ప్రాణంతో సమానం.

దయా? హక్కా?

ఇప్పుడు అసలు మాట. ఈ ఉద్యోగాలు ఎవరో దయతలచి ఇచ్చినవా? కాదు. 1993లో ఇన్యూట్‌లు కెనడా ప్రభుత్వంతో భూమి ఒప్పందం చేసుకున్నారు. దాని ఫలితంగానే 1999 ఏప్రిల్ 1న నునావుట్ ఏర్పడింది. ఆ ఒప్పందంలో 23వ అధికరణం ఉంది. నునావుట్‌లోని ప్రభుత్వోద్యోగాల్లో ఇన్యూట్‌ల వాటా జనాభాలో వాళ్ళ వాటాకు తగినట్టు ఉండాలని, అన్ని రకాల ఉద్యోగాల్లోనూ అన్ని హోదాల్లోనూ ఉండాలని అది చెబుతుంది. "అన్ని హోదాల్లోనూ" అన్న మాటను దయచేసి రాసుకోండి.

ఆచరణలో ఏం జరిగింది? నునావుట్ ప్రభుత్వంలో ఇన్యూట్‌ల వాటా 85 శాతానికి చేరలేదు. సగం దగ్గరే తచ్చాడుతోంది. గుమాస్తా పనుల్లో వాళ్ళే ఎక్కువ, అధికారుల కుర్చీల్లో తక్కువ. అమలు సరిగా లేదని 2006లో ఇన్యూట్‌ల తరఫు సంస్థ నునావుట్ టుంగావిక్ కెనడా ప్రభుత్వం మీద దావా వేసింది. 2015లో 25 కోట్ల 55 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అందులో పెద్ద భాగాన్ని ఇన్యూట్‌ల శిక్షణకు కేటాయించారు. కాగితం మీది హక్కును కోర్టుకు లాగితేనే శిక్షణకు డబ్బు వచ్చింది.

హక్కు ఇన్యూట్‌ల పేరు మీద వస్తే అందులో స్త్రీల వాటా దానంతటదే వస్తుందా? దీనికి జవాబు కూడా నునావుట్ చరిత్రలోనే ఉంది. శాసనసభ ఏర్పడకముందే, ప్రతి నియోజకవర్గం నుంచీ ఒక స్త్రీనీ ఒక పురుషుడినీ ఎన్నుకోవాలనే ప్రతిపాదన వచ్చింది. 1997 మేలో ప్రజాభిప్రాయం తీసుకున్నారు. 57 శాతం వద్దన్నారు. 1999లో ఏర్పడిన మొదటి సభలో 19 మందిలో ఒకే ఒక్క స్త్రీ. ఆమె మానిటోక్ థాంప్సన్, రాంకిన్ ఇన్లెట్ ప్రాంతం నుంచే గెలిచింది. విశేషమేమంటే ఆమె కూడా ఆ ప్రతిపాదనను వ్యతిరేకించింది. స్త్రీలకు విడిగా వాటా అక్కర్లేదని, సమానంగా పోటీ చేయగలరని ఆమె వాదన. ఆమె గెలిచింది, నిజమే. మిగిలిన 18 సీట్లలో ఎవరూ గెలవలేదన్నదీ నిజమే. 2008లో ఈవా ఆరియాక్ మొదటి మహిళా ప్రీమియర్ అయ్యేదాకా దాదాపు పదేళ్ళు పట్టింది.

నిలదీయవలసినవి

అందుకే రక్షణ పడవ ఉద్యోగాలను చూసి చప్పట్లు కొట్టే ముందు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

ఒకటి, గుమ్మం దగ్గర ఎవరు ఆగిపోతున్నారు? విద్యార్థి ఉద్యోగం కావాలంటే పైచదువుల్లో ఉండాలి. నునావుట్‌లో ఆర్కిటిక్ కాలేజీ ఉంది కాని సొంత విశ్వవిద్యాలయం లేదు. డిగ్రీ చదవాలంటే చాలామంది దక్షిణాదికి పోవాలి. హైస్కూలు పూర్తికాకుండానే మానేసేవాళ్ళు ఎంతోమంది. చిన్నతనంలోనే తల్లి అయిన పిల్ల, ఇంట్లో తమ్ముళ్ళను పెంచే పిల్ల, ఊరి నీళ్ళు బాగా తెలిసినా చదువు ఆగిపోయిన పిల్ల, వీళ్ళకు ఆ గుమ్మం ఎలా తెరుచుకుంటుంది? సముద్రం తెలియడమే అర్హత అయిన చోట సర్టిఫికెట్ ఒక్కటే తాళంచెవి కాకూడదు.

రెండు, ఆడపిల్ల ఎక్కడ పడుకుంటుంది? నవ్వకండి. చిన్న జట్టు, రాత్రింబవళ్ళు ఒకే కేంద్రంలో ఉండే ఉద్యోగం. విడి గది, విడి మరుగుదొడ్డి, ఒంటికి సరిపోయే కొలతల రక్షణ దుస్తులు, వేధింపు జరిగితే పై అధికారిని దాటి ఫిర్యాదు చేసే దారి, పిల్ల తల్లి అయితే బిడ్డను చూసుకునే ఏర్పాటు ఉండాలి. ఇవి అలంకారాలు కావు, ఉద్యోగంలో భాగాలు. ఇవి లేనిచోట "అందరికీ అవకాశం" అని రాసిన ప్రకటన మగవాళ్ళకిచ్చిన ప్రకటనే.

మూడు, మూడో వేసవి తర్వాత ఏమిటి? ఇది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. వేసవి అయిపోతుంది, చదువు అయిపోతుంది, విద్యార్థి ఉద్యోగమూ అయిపోతుంది. ఆ తర్వాత ఆ పిల్ల సరంగు అవుతుందా? నోవా స్కోషియాలోని తీర రక్షక దళ కళాశాలలో నాలుగేళ్ళ అధికారి శిక్షణకు వెళుతుందా? వెళితే వేల కిలోమీటర్ల దూరాన ఇంటి మీద బెంగ పెట్టుకోకుండా నిలబడే తోడు దొరుకుతుందా? ఏ పడవ ఎక్కడికి పోవాలో నిర్ణయించే గదిలో ఏదో ఒకనాడు కూచుంటుందా? 23వ అధికరణం అడిగింది తెడ్డు పట్టే పని ఒక్కటే కాదు, చుక్కాని కూడా.

మన గడపలో

ఏజెన్సీ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళకు ఇదంతా వింటుంటే ఒక జీవో గుర్తొచ్చి ఉంటుంది. 2000 జనవరిలో వచ్చిన 3వ నంబరు జీవో. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని, అందులో మూడో వంతు స్త్రీలకివ్వాలని అది చెప్పింది. ఆ జీవో వల్ల కోయ పిల్లకు కోయ టీచరు, కొండరెడ్డి పిల్లకు తన మాట అర్థమయ్యే టీచరు దొరికే వీలు కలిగింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం చెల్లదని దాన్ని కొట్టేసింది. అక్కడి ఇన్యూట్‌ల చేతిలో రాజ్యాంగ రక్షణ ఉన్న ఒప్పందం ఉంది, మన గిరిజనుల చేతిలో ఉన్నది జీవో. రెంటికీ ఎంత తేడా ఉందో చూడండి. జీవోతో వచ్చింది తీర్పుతో పోతుంది. కనుక ఉద్యోగాలు అడిగేటప్పుడు వాటి వెనక ఏ చట్టం నిలబడి ఉందో కూడా అడగాలి.

తీరం నుంచి వచ్చినవాళ్ళకు నా మనవి ఒకటి. మీ మండలాల్లో తుఫాను సన్నద్ధత పేరుతో శిక్షణలు జరుగుతాయి. ఆడవాళ్ళకు సాధారణంగా ఏం ఇస్తారు? వంట, ప్రథమ చికిత్స, పిల్లల్ని పోగుచేయడం. ఈసారి వెళ్ళినప్పుడు ఇవి అడగండి. ఈత నేర్పుతారా? ఇంజను విప్పి చూపిస్తారా? రేడియో చేతికిస్తారా? పనికి జీతం ఉందా, భత్యంతో సరిపెడతారా? శిక్షణ పొందిన పిల్ల పేరు ఏ జాబితాలో ఉంటుంది, పిలుపు ఎవరికి వెళుతుంది? రెండో ఏడాది ఆమె ఏ మెట్టు మీద ఉంటుంది? సంస్థల్లో పనిచేసే మిత్రులు మీ ప్రాజెక్టు నివేదికల్లో "ఎంతమందికి శిక్షణ ఇచ్చాం" అనే గడి పక్కన "వాళ్ళలో ఎంతమంది పడవ నడుపుతున్నారు" అనే గడి కూడా గీయండి.

పొద్దున అడిగిన చెల్లెలికి ఇప్పుడు జవాబు చెబుతాను. ఆ బోటులో నువ్వు లేకపోవడానికి నీకు సముద్రం తెలియకపోవడం కారణం కాదమ్మా. ఎవరి పడవ ఎప్పుడు బయల్దేరిందో, ఎటు పోయిందో, ఎంత నూనె పోసుకుందో ఊళ్ళో అందరికన్నా నీకే తెలుసు. వెతకడం అక్కడే మొదలవుతుంది. అంటే సగం పని నువ్వు ఇప్పటికే చేస్తున్నావు. దానికి పేరు లేదు, జీతం లేదు, బోటులో చోటు లేదు. ఆ మూడూ అడగడానికి మేమంతా నీతో వస్తాం.